గులకరాళ్ల ఇల్లు

గాజుతొట్టిలో, మొక్కల నడుమ, కెంపి అనే రొయ్య తన బిడ్డతో గులకరాళ్ల కింద కాపురముండేది. ఒకనాడు పైనుంచి పెద్ద గొట్టం దిగి, రాళ్లను కదుపుతూ అడుగునున్న మురికిని పీల్చసాగింది.

“ఇంకా లోపలికి దూరమ్మా!” అంది కెంపి బిడ్డతో.

“వద్దే! అది వెతికేది రాళ్ల కిందే. మొక్కల వేళ్ల జోలికి రాదు, అక్కడికి పొండి!” అని కేకేసింది గాజుగోడకు అంటుకునున్న ముసలి నత్త.

ఉన్న ఇల్లు వదలడానికి కెంపికి కాళ్లు రాలేదు. ఇంతలో నెత్తిమీది రాయి లేచిపోయి గొట్టంలో గిరగిర తిరిగింది. కెంపి బిడ్డను వాటేసుకుని, రాళ్ల కిందనుంచి బయటికి దూకింది. వేళ్లను పట్టుకున్నాక వెనక్కి చూస్తే, ఇల్లున్న చోట గుంట మిగిలింది.

“అమ్మా, అది మళ్లీ వస్తుందా?”

“వస్తుంది. వచ్చినప్పుడు నా మాట కోసం ఆగకు తల్లీ.”