మాస్టారు రాసిచ్చిన వెలుతురు

"నిన్న తాడేపల్లిలో అక్కయ్య ఇంటికెళ్లినప్పుడు చూశానండీ. మీ అస్లాం అక్కడి అక్వేరియం కొట్లో నిలబడి కొట్టాయన్ని సలహా అడుగుతున్నాడు," అంది భార్య మహిమ.

జక్రయ్య మాస్టారు ఎత్తిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

సత్తెనపల్లిలో ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టి సముద్రపు పగడాలు పెంచింది ముందుగా ఆయనే. సైన్సు మాస్టారుగా రిటైరయ్యాక ఊళ్లో ఆయనకున్న పేరంతా ఆ ట్యాంకుదే. బడిపిల్లలు వరసకట్టి వచ్చి చూసిపోతారు. అలాంటి విద్యని, మిరపకాయల కొట్లో గుమాస్తా పని చేసుకునే అస్లాం అడిగాడని కాదనకుండా నేర్పాడు. తన పగడాల్లోంచే మూడుసార్లు ముక్క విరిచి ఇచ్చాడు. లైటు ఎంత పెట్టాలో, ఎన్ని గంటలు పెట్టాలో తన చేత్తో రాసి మరీ ఇచ్చాడు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు అంతపని?

ఏరు దాటాక తెప్ప తగలేశాడన్నమాట!

చెయ్యి కడుక్కుని నేరుగా అస్లాం ఇంటికెళ్లాడు.

"ఏరా, నేనింకా చావలేదుగా! అప్పుడే ఇంకో గురువు కావాల్సొచ్చాడా?"

అస్లాం తల దించుకున్నాడు. అతని వెనక ట్యాంకులో పగడాలు తాలు మిరపకాయల్లా తెల్లబడి ఉన్నాయి.

"మీరు రాసిచ్చినట్టే పెట్టాను మాస్టారూ. పన్నెండు గంటలు, ఫుల్లు వెలుతురు. అయినా మూడోసారి కూడా చచ్చిపోతున్నాయి. భయమేసి ఆయన్నడిగా. బాగా తగ్గించమంటే తగ్గించానండి."

"ఆరేళ్ల నుంచీ పెంచుతున్న నాకంటే వాడికెక్కువ తెలుసా? కల్లంలో మిరపకాయకి ఎండ తగలకపోతే రంగు నిలుస్తుందా?"

"నిలవదండి."

"ఇదీ అంతే. నా మీద నమ్మకముంటే నేను చెప్పినట్టు చెయ్యి. లేదంటే ఆ తాడేపల్లికే పో!"

చివరి మాట అంటూ ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. అది చూసి అస్లాంకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయింది మాస్టారూ. ఇంకెవర్నీ అడగను," అంటూ తగ్గించిన లైటుని ఆయన ముందే మళ్లీ పెంచేశాడు.

అయినా మాస్టారి మనసు కుదుటపడలేదు. సొంత మనిషే ఇలా చేస్తే ఇంకెవర్ని నమ్మాలి, అని దారిపొడుగునా బాధపడుతూనే నడిచాడు.

ఇంటికొచ్చి, గది తలుపు గడియ వేసుకుని, ఆరేళ్లుగా రోజూ పెడుతున్నట్టే తన పగడాలకి మాత్రం అస్లాంకి రాసిచ్చినదాంట్లో నాలుగోవంతు వెలుతురే పెట్టాడు.