మూడు గంటలకోసారి

"నిండినట్టుందా అండీ?" కుట్టుమిషను ఆపి పక్కగదిలోంచి అడిగింది భార్య.

"ఇంకో పది నిమిషాలాగు," అన్నాడు భర్త మంచం మీంచి.

పది నిమిషాలకు తనే పిలిచాడు. ఆమె వచ్చి మూత్రం గొట్టానికి బిగించిన క్లిప్పు తీసింది. మంచం కింది సంచిలోకి ధార దిగింది. ఎదురు గోడ మీద, గడియారం కింద మేకుకు వేలాడుతున్న నోటుబుక్కులో "పదకొండు గంటలు. తెలిసింది" అని రాసింది.

అతను టవర్ క్రేన్ నడిపేవాడు. అంత ఎత్తున తను కూర్చునే డబ్బాలో మరుగుదొడ్డి ఎక్కడుంటుంది? పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దిగేదాకా బిగబట్టుకు కూర్చోవడమే. సైటులో అందరూ "వాటర్ ట్యాంకు" అని ఏడిపించేవాళ్ళు. మూడు నెలల క్రితం నిచ్చెన దిగుతూ జారిపడ్డాడు. నడుములో నరాలు నలిగాయి. అప్పట్నుంచి ఆ గొట్టమే గతి.

వారానికోసారి ఇంటికొచ్చే నర్సు దాపరికం లేకుండా చెప్పింది.

"ఎప్పటికప్పుడు కారిపోతుంటే మూత్రాశయం కండ పని మరిచిపోతుందమ్మా. గొట్టం మూసి నిండనివ్వాలి. మూడు గంటలకు మించొద్దు. నిండిన సంగతి ఆయనకు లోపల తెలియాలి. తెలిస్తే నరం బతికున్నట్టే, గొట్టం తీసేయొచ్చు. తెలియకపోతే ఇక జీవితాంతం ఇంతే."

మొదటి వారం ఆమె అడిగినప్పుడల్లా అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె క్లిప్పు తీసి, వెళ్ళి మిషను ముందు కూర్చునేది. మిషను మాత్రం తిరిగేది కాదు. ఆ చప్పుడు లేకపోతే అతనికి ప్రాణం ఉసూరుమనేది.

ఎనిమిదో రోజు, "నిండినట్టుందే," అన్నాడు.

ఆమె మొహం చేటంతయింది. ఆ పూట మిషను ఆగకుండా తిరిగింది. సాయంత్రం దారపు ఉండలు కొనాలంటూ బజారుకు కూడా వెళ్ళొచ్చింది.

అప్పట్నుంచి అతను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నోటుబుక్కు తిరగేసి నర్సు ముక్కున వేలేసుకుంది.

"ఇదే వరసైతే సోమవారం గొట్టం తీసేద్దాం," అంది.

"ట్యాంకు మళ్ళీ డ్యూటీ ఎక్కుతోందని మీ సైటువాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి," అంది భార్య. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అతను కూడా నవ్వాడు కానీ ఫోన్ అందుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మిషను ఆపి అడిగింది, "నిండినట్టుందా అండీ?"

లేచి వచ్చి మళ్ళీ అడిగింది. అతను పెదాలు తడుపుకున్నాడు. కళ్ళు ఎదురు గోడకే అతుక్కుపోయి ఉన్నాయి.

ఆమె కూడా అటు చూసింది. గడియారం పొద్దున పదీ ఇరవై దగ్గర ఆగిపోయి ఉంది.

ఆమె స్టూలెక్కి గడియారం దించి, ఎనిమిదో రోజు సాయంత్రమే కొని మిషను సొరుగులో దాచి ఉంచిన కొత్త బ్యాటరీ వేసి, ముళ్ళు సరిచేసి, అతనికి బాగా కనబడేలా మళ్ళీ తగిలించి, అప్పుడు అడిగింది: "ఇప్పుడు చెప్పండి, నిండినట్టుందా?"