మేం తాబేళ్ళం

ఆటల టీచరు కప్పలా గెంతింది. పిల్ల చూసింది. టీచరు మళ్ళీ గెంతింది. పిల్ల ఆవులించింది.

పిల్ల ముద్దుపేరు బొంగరం. రెండో ఏడు నిండవస్తున్నా అడుగు వెయ్యదు. పాకుతుంది. ఆ పాకడం కూడా అలాంటిలాంటిది కాదు. బిస్కెట్టు నోట కరుచుకుని పాకుతుంది. గడ్డంతో బంతిని నెట్టుకుంటూ పాకుతుంది. మలుపు దగ్గర కూడా జోరు తగ్గించదు.

"అడుగు వెయ్యని పిల్లకి బొంగరమని పేరేంటండీ?" అంది టీచరు, వచ్చిన మొదటిరోజే.

"ఏదో, నోటికొచ్చింది తల్లీ," అంది అమ్మమ్మ కంగారుగా.

బొంగరాన్ని పెంచుతున్నది ఆ అమ్మమ్మే. పిల్ల తల్లికి దూరపు ఊళ్ళో ఉద్యోగం. సెలవురోజున వస్తుంది. తిరిగి వెళ్ళే వేళకి బొంగరం ఆవిడ సంచి పట్టుకుని వదలదు. సంచి ఒకవైపు, పిల్ల ఒకవైపు, మధ్యలో అమ్మమ్మ. ముగ్గురివీ ఒకటే ఏడుపులు.

తల్లి ఆఫీసు పక్కనే పిల్లల్ని చూసుకునే కేంద్రం ఒకటుంది. నడక రాని పిల్లల్ని మాత్రం వాళ్ళు చేర్చుకోరు. బతిమాలితే ఒక్క సీటు అట్టేపెట్టారు, ఈ శనివారం దాకా.

"ఎలాగైనా నడిపించండి టీచరుగారూ," అంది తల్లి. "నా కూతుర్ని నాతో తీసుకుపోతాను. ఈ వారంవారం ఏడుపులు ఇక నావల్ల కాదు."

టీచరుకి తన విద్య మీద కొండంత నమ్మకం.

"పిల్లలు చెబితే నేర్చుకోరు అమ్మమ్మగారూ. ఆట కావాలి. ఆ ఆటలో వాళ్ళకి ప్రాణమైన మనిషి ఉండాలి. అప్పుడు ఏం చెయ్యమంటే అది చేస్తారు."

"ఏదైనానా?" అంది అమ్మమ్మ.

"ఏదైనా."

అమ్మమ్మ ఆ మాట చాలాసేపు ఆలోచించింది.

టీచరు సబ్బు బుడగలు ఊదింది. బొంగరం పాకుతూ వెళ్ళి ముక్కుతో పగలగొట్టింది. డప్పు వాయించింది. బొంగరం దరువుకి తగ్గట్టు పాకింది. పట్టుకుని నడవమని తోపుడుబండి తెస్తే, దాన్ని బోర్లించి కిందికి దూరింది. టీచరు కోతైంది, కొంగైంది, కుందేలైంది. ఒకరోజు పరధ్యానంలో బస్సులోకి కూడా కప్పగంతు వేసే ఎక్కింది.

పాపం, అమ్మమ్మ సాయానికి మాత్రం వంక పెట్టడానికి లేదు. టీచరు గంట కొట్టగానే లోపల ఒకటే హడావుడి. "ఉండు తల్లీ, మోకాళ్ళకి గుడ్డలు కట్టుకుంటున్నా!" అని కేక. ఎంతోసేపటికి తలుపు తెరుచుకునేది. చూస్తే గుమ్మంలో అమ్మమ్మ, మనవరాలు, ఇద్దరూ నాలుగు కాళ్ళ మీద.

"మేం తాబేళ్ళం," అనేది అమ్మమ్మ రొప్పుతూ.

"మీలాంటి అమ్మమ్మ ఇంటికొకరుంటే నాలాంటివాళ్ళకి పనే ఉండదు," అంటూ టీచరు పొంగిపోయేది.

కింది వాటా పెద్దాయనకి మాత్రం ఇదంతా గిట్టలేదు. ఒకరోజు మెట్ల దగ్గర టీచరుని ఆపేశాడు.

"ఏమ్మా, ఏంటా గెంతులు? నా నెత్తిమీద గుర్రాలు తోలుతున్నట్టుంది. మధ్యాహ్నం కునుకు తీసి ఎన్నాళ్ళయిందో!"

"నేనొచ్చేది సాయంత్రాలేనండీ."

"మరి మధ్యాహ్నం గెంతేదెవరు, నేనా?"

పెద్ద వయసు, ఏ పూట ఏమిటో తెలియడంలేదు కాబోలు అనుకుని, టీచరు క్షమాపణ చెప్పుకుని పైకెళ్ళింది.

శనివారం వచ్చేసింది. టీచరు ఎలుగుబంటి ముసుగు తగిలించుకుని, తోక కట్టుకుని, గదంతా గంతులేసింది. బొంగరం పాకుతూ వచ్చి ముసుగుని నాకి చూసింది. రుచి నచ్చలేదు. వెనక్కి పాకుతూ వెళ్ళిపోయింది.

టీచరు తోకతోసహా నేలమీద చతికిలబడి భోరుమంది. అమ్మమ్మ కూడా పక్కన చేరి ఏడ్చింది. ఇద్దరి ముక్కులూ తుడవడానికి బొంగరం ఎక్కణ్ణుంచో ఒక మేజోడు ఈడ్చుకుంటూ పాకొచ్చింది.

టీచరు తల్లికి ఫోన్ చేసింది. "నావల్ల కాలేదమ్మా. ఏమీ అనుకోకండి."



"సరే. సీటు వదులుకుంటున్నానని చెప్పేస్తాను," అంది తల్లి. "దార్లోనే ఉన్నాను. దాన్ని ఒకసారి చూసుకుని వెళ్ళిపోతాను."

ఆ మాట వినగానే అమ్మమ్మ బొంగరాన్ని గట్టిగా గుండెకి హత్తుకుంది. పాపం పిచ్చితల్లి, మనవరాలి గురించి ఎంత బెంగో అనుకుంది టీచరు. ముసుగు, తోక సంచిలో కుక్కుకుని బయటపడింది.

వీధి గేటు దాకా వెళ్ళాక డప్పు మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఉసూరుమంటూ వెనక్కి తిరిగి, కాళ్ళీడ్చుకుంటూ మళ్ళీ మెట్లెక్కింది. పైనుంచి దబదబా చప్పుడు. తలుపు ఓరగా తీసి ఉంది. గంట కొట్టబోయేంతలో లోపల్నుంచి అమ్మమ్మ గుసగుస వినిపించింది.

"పరుగు చాలించవే బొంగరం, మీ అమ్మ మెట్లెక్కుతోంది, చప్పున తాబేలువైపో!"