నెంబరు ఉండాల్సిన జాగా

"అన్నా, నెంబర్లు లేవు!"

రూప కేకకు అమరేందర్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ ముందుకు వచ్చాడు.

దేవరకొండ చుట్టుపక్కల రక్తం ఇచ్చేవాళ్ల వివరాలతో ఇద్దరూ కలిసి నడుపుతున్న వెబ్‌సైట్ అది. పేర్లున్నాయి. ఊళ్లున్నాయి. రక్తం గ్రూపులున్నాయి. ఫోన్ నెంబరు ఉండాల్సిన జాగాలో మాత్రం ఒక ఎర్ర బటన్. దాని మీద ‘రక్తం కావాలి’ అని రాసి ఉంది.

"ఎవడు చేసిండు?"

"జానీ. తెల్లారేసరికి మార్చి పెట్టిండు."

జానీని వాళ్లెప్పుడూ చూడలేదు. వెబ్‌సైట్ కోడ్‌ను అందరూ చూసి దిద్దేలా ఇంటర్నెట్‌లో పెడితే, ఎక్కడి నుంచో వచ్చి చేరాడు. పాత ఫోన్లలో కూడా పేజీ తెరుచుకునేలా చేసింది అతనే. తెలుగు అక్షరాలు చెదరకుండా సరిచేసిందీ అతనే. పని నచ్చి, నేరుగా కోడ్ మార్చే హక్కు కూడా ఇచ్చేశాడు అమరేందర్.

"వద్దని మొన్ననే చెప్పిన గద వానికి!"

చెప్పిన మాట నిజమే. ‘ఆడపిల్లల నెంబర్లు గిట్ల బజార్ల పెట్టొద్దన్నా’ అని జానీ రాశాడు. ‘ఆపతిల ఉన్నోడు బటన్లు నొక్కుకుంట కూసుంటడా? ఒక్కనాడన్న రక్తమిచ్చి ఉంటే తెలుస్తుండె నీకు’ అని అమరేందర్ అందరికీ కనబడేలా జవాబిచ్చాడు. ఇదిగో, ఇప్పుడు జానీ చెప్పాపెట్టకుండా ఈ పని చేశాడు.

ఫోన్ మోగింది.

"సారూ, నా పేరు కురుమయ్య. పేజీ కింద మీ నెంబరుంటే చేస్తున్న. దవాఖాన కాడున్నం. మా ఇంటామె సాలమ్మకు కాన్పయింది, రక్తం ఆగుతలేదు. ఓ నెగెటివ్ కావాల్నంట. మీ దాంట్ల ఇచ్చేటోళ్ల నెంబర్లే లేవు. ఎర్రగ ఏదో ఉంటే నొక్కిన. ‘కబురు పోయింది’ అన్నది. ఎవరికి పోయిందో, ఏడికి పోయిందో!"

అమరేందర్ రూప వైపు తిరిగాడు.

"చూసినవా రూపా? పానం మీదికి వచ్చినోళ్ల చేతిల బటన్ పెట్టిండు!"

"జర ఆగన్నా. ఆయన్ని ఒక్క మాట అడుగుదాం."

"ఇంకేం అడుగుతవ్? తమ్ముడనుకున్న. మన గంజి తాగి మన గంజిలనే మన్ను పోసిండు."

జానీ చేసిన మార్పును తీసేశాడు. నెంబర్లతో సహా పాత పేజీ తిరిగి వచ్చింది. జానీకి ఇచ్చిన హక్కునూ తీసేసి, ‘నమ్మి దగ్గరికి తీస్తే ద్రోహం చేసినవ్. ఇగ నీకూ మాకూ చెల్లు’ అని రాశాడు.

ఓ నెగెటివ్ ఒక్కరే ఉన్నారు. నాగరాణి. ఊరు కొండమల్లేపల్లి అవతల.

ఫోన్ స్విచ్ఛాఫ్.

"నువ్వు దవాఖానకు పో రూపా. నేను బోయి ఆమెను తోల్కొస్త."

బండి మీద ఆ ఊరు చేరి అడిగితే, వాకిట్లో మేకలకు ఆకు వేస్తున్న గోవిందమ్మను చూపించారు. నాగరాణి తల్లి.

"అమ్మా, నాగరాణి ఫోన్ ఎందుకు బంద్ ఉన్నది?"

"నువ్వెవరు?"

"ఆ రక్తం వెబ్‌సైట్ మాదే..."

ఆకు మండ ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"నువ్వేనా నాయినా ఆ పుణ్యాత్మునివి? నా బిడ్డ నెంబరు ఊరందరికి పంచిపెట్టినవ్. పొద్దస్తమానం ఫోన్లే. ‘రక్తం ఒక్కటేనా, ఇంకేమన్న ఇస్తవా’ అని నవ్వుడు. ఒకడైతే కాలేజీ బస్సు కాడ నిలవడుడు షురూ చేసిండు. వాళ్ల బాపు ఆ సిమ్ము ఇరగ్గొట్టి, సదువు బంద్ పెట్టిచ్చిండు. ఇగ ఇంట్ల కూసొని ఆ కంప్యూటర్ ముందటేసుకొని ఏందో కొట్టుకుంటది."

"మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు అమరేందర్. అంటుండగానే ఎవరు చెప్పారో గుర్తొచ్చింది.

"చెప్తె ఇంటరా మీరు?"

"ఇప్పుడు ఒకామె పానం మీదికి వచ్చిందమ్మా."

"ఎరికే. బిడ్డ కొత్త ఫోన్ల కబురొచ్చింది. ‘నా నెంబరు ఎవరికీ కనవడదు, ఫికర్ చెయ్యకు’ అని చెప్పి ఆటో ఎక్కింది. వాళ్ల బాపు వద్దంటున్నా ఇనలే. నీకు ఎదురు రాలే?"

అమరేందర్ బండి తిప్పాడు.

దవాఖాన మెట్ల మీదే రూప ఎదురైంది.

"సాలమ్మ గట్టెక్కిందన్నా. ఆ బటన్ నొక్కిన కబురే నాగరాణికి పోయిందట."

లోపల బల్ల మీద ఒక అమ్మాయి మోచేయి మడిచి పట్టుకొని కూర్చుంది.

"తప్పయింది చెల్లె" అన్నాడు అమరేందర్. "మీ అమ్మ అంతా చెప్పింది."

"పాత పేజీ మళ్ల పెట్టినరు గద. ఆటోలనే చూసిన" అంది నాగరాణి తలెత్తకుండా. "అందరి ఆడపిల్లల నెంబర్లు మళ్ల బయట పడ్డయ్."

"ఇప్పుడే తీసేస్త. జానీ అని ఒకాయన మంచికే చేసిండు, నేనే ద్రోహమన్న. కాళ్లు మొక్కి అయినా ఆయన్ని మళ్ల తెచ్చుకుంట."

"ఆయన రాడు."

చేతి మీది దూది తీసి చూసుకుంది. లేచి చున్నీ సర్దుకుంది.

"నా పేరు గూడ తీసెయ్. జానీ పేరు మీద వచ్చి నేనే తీసేసుకుందును గని, పొద్దున్నే నన్ను ఎల్లగొట్టినవ్ గదన్నా."