మంత్రి కాపలా

మెజారిటీ లేని సర్కారుకు రేపు బలపరీక్ష. స్వతంత్ర ఎమ్మెల్యే సదాశివ ఓటు పడితేనే అది నిలుస్తుంది. అందుకే ఆయనను తిరుమలగిరిలో ఒక గెస్ట్‌హౌస్‌ గదిలో ఉంచి, మంత్రి రాఘవేందర్‌ను కాపలా పెట్టారు.

“ఇయ్యాల నా భార్యకు గుండె ఆపరేషనన్నా. ఒక్కసారి చూసొస్త.”

“దవాఖాన కాడ అవతలోళ్లు నిన్ను ఎత్తుకపోతే? అడిగిన కాలేజీ ఇచ్చినం, రోడ్డు ఇచ్చినం. జెర ఆగు తమ్మీ.”

“రెండూ వాపస్ తీస్కోండ్రి. నన్ను ఇడువుండ్రి.”

రాఘవేందర్ లేచి తలుపు తట్టాడు. “నేను, మంత్రిని. తియ్. నేనే తోలుకపోయి తీస్కొస్త.”

“ఓటు పడేదాంక మిమ్మల్ని సుత ఇడవొద్దన్నరు సార్,” తలుపు తియ్యకుండానే అన్నాడు బయట కాపలా ఉన్న మనిషి.

రాఘవేందర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“ఇంకేమన్న కావాల్నా తమ్మీ? అడుగు, ఇస్త.”