బొమ్మ కదుల్తలేదు

"చేతులు కట్టుకోండ్రి! మూతి మీద వేలు! ఎవలన్న కదిలిన్రో, ఈపులు పలుగుతయ్. సూర్యాపేట జిల్లా ఇజ్జత్ తియ్యకుండ్రి!"

హెడ్మాస్టర్ లింగారెడ్డి సార్ బెత్తం పట్టుకొని, కెమెరాకు కనబడకుంట గోడకు ఆనుకొని నిలబడ్డడు.

వీడియో కాల్ కలిసి, టీవీల ఇటలీ బడి కనబడ్డది. గాడ పిల్లలు బల్లలెక్కి చేతులూపుతున్నరు. గీడ ఐదో తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి కూసున్నది.

ఇటలీ టీచరమ్మ ఇంగ్లీషుల ఏందో అడిగింది. మళ్ల అడిగింది.

"ఏమంటున్నది శిరీషా?"

"మన బొమ్మ ఆగిపోయిందంట సార్. నెట్ జర సూస్కోమంటున్నది," అన్నది కంప్యూటర్ నేర్పే శిరీష టీచర్.

సార్ వంగి వంగి పోయి వైరు గుంజిండు. నెట్ డబ్బా నెత్తిన ఒక్కటిచ్చిండు. నెట్ పెట్టినోని ఖాందాన్ మొత్తాన్ని తిట్టిండు.

"ఇప్పుడు?"

"ఇంకా గట్లనే ఉన్నదంట." శిరీష టీచర్ నవ్వు ఆపుకున్నది. "నెట్ మంచిగనే ఉన్నది సార్. పిల్లలే ఆగిపోయిన్రు."

సార్ పిల్లల దిక్కు సూసిండు. ఎవ్వరు రెప్ప గూడ ఆర్పుతలేరు. బెత్తం బీరువా ఎన్కకు ఇసిరేసిండు.

"కదులుండ్రి! లొల్లి చెయ్యుండ్రి!"

ఎవ్వరు కదల్లే.

ముందు వరుసల నవనీత, మూతి మీద వేలు తియ్యకుంటనే అడిగింది.

"టీవీ బందయినంక కొట్టరు గద సార్?"