ఎంగిలి ప్లేట్ల దారి

“టిప్పా? ఎందుకేటి?”

బిల్లు మీద ప్రేమలీల పెట్టిన యాభై నోటును రత్నరాజు చటుక్కున తీసి జేబులో వేసుకున్నాడు. “క్యూలో నిలబడింది నాను, వడ్డించుకుంది నాను. న్యాయంగా ఐతే ఆ టిప్పు నాకే రావాల!”

పెళ్లిరోజని భార్యను మల్కాపురం నుంచి బీచ్ రోడ్డు బఫేకి ఆటోలో తీసుకొచ్చిన ఉదారుడు మరి. తిండికీ లోటు చేయలేదు. సూపుకొకటి, చేపకొకటి, రొయ్యలకొకటి, లేచిన ప్రతిసారీ కొత్త ప్లేటే పుచ్చుకున్నాడు.

“పాపం, పనోళ్లండీ...”

“తినేముందు ప్రార్థనలో పైనున్న ప్రభువుకే థాంక్స్ సెప్పీసాను. మళ్లీ మధ్యలో ఈళ్లకేటి? మన టేబిల్ కాడికొచ్చి ఒక్కడైనా గరిటె తిప్పాడా?”

ప్రేమలీల టేబుల్ వైపు చూసింది. “మరి మీరు తిన్న ప్లేట్లన్నీ ఏవండీ?”

రత్నరాజు కూడా చూశాడు. చేతిలోని ఐస్‌క్రీం కప్పు తప్ప ఎదురుగా చేపముల్లు కూడా లేదు.

“అవా... ఎల్లిపోయుంటాయి.”

“అవున్లెండి. మనింట్లోనూ అంతే. ఆటంతటవే ఎల్లిపోతాయి.”

రత్నరాజు జేబులోంచి నోటు తీసి బిల్లు మీద పెట్టాడు. ఇంకా రోషం చల్లారక ఎంగిలి కప్పు పట్టుకుని లేచాడు. అటు వెళ్లాడు, ఇటు వచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో అంతు చిక్కలేదు.

“అక్కడెట్టీయండి,” అంది ప్రేమలీల, చెయ్యి తుడుచుకుంటూ. “ఇరవయ్యేళ్లుగా ఇంట్లోనే తెలీని దారి, ఇక్కడేటి తెలుస్తాది!”